కేబుల్ నుంచి సెన్సరు దాకా స్పీడు ముల్లు

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద తొర్రూరు దాటి మరిపెడ దిక్కు పోతుంటే మా దంతాలపల్లి తగులుతుంది. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడ్డప్పుడు మండల కేంద్రమైంది. అంతకుముందు నర్సింహులపేట మండలంలోని ఊరు. నేను మెకానిక్ పని నేర్చుకునే రోజుల్లో షెడ్డుకు వచ్చేవి అంబాసిడర్లు, మహీంద్రా జీపులు, మారుతి 800లు. కిరాయి బండ్లకు లెక్క కిలోమీటరు మీదే, ముల్లు లేవకపోతే చాలాసార్లు ఆ లెక్కా ఆగిపోతుంది. అందుకే "అన్నా, ముల్లు లేస్తలేదు" అని ఎవరైనా వస్తే మా ఉస్తాద్ చేతిలో పని పక్కన పెట్టి లేచేవాడు.

ఆ బండ్లన్నింటిలో ఉన్నది 1902లో బెర్లిన్‌లో ఒట్టో షుల్జ్ పేటెంటు తీసుకున్న ఏర్పాటే. గేరుబాక్సులో చిన్న పినియను, దాన్నుంచి మీటరు దాకా వంగుతూ తిరిగే కేబుల్, కొసన అయస్కాంతం. అయస్కాంతం తిరిగితే పక్కనున్న అల్యూమినియం గిన్నెలో విద్యుత్ సుళ్లు పుడతాయి. దాంతో అయస్కాంతం ముట్టకుండానే గిన్నె తిరగబోతుంది. సన్నని స్ప్రింగు వెనక్కి గుంజుతుంది. ఈ గుంజులాటలో ముల్లు నిలిచిన చోటే వేగం. బ్యాటరీతో పనే లేదు.

ఉస్తాద్ పరీక్ష కూడా అంత సూటిగా ఉండేది. గేరుబాక్సు దగ్గర కేబుల్ విప్పి, లోపలి తీగను వేళ్లతో తిప్పేవాడు. ముల్లు కదిలితే మీటరు, కేబుల్ రెండూ మంచివే. తర్వాత వెనక చక్రం (మారుతి 800 అయితే ముందు చక్రం) జాకీ మీద లేపి తిప్పి, పినియను తిరుగుతుందా లేదా చూసేవాడు. చాలాసార్లు దాని పండ్లే అరిగి ఉండేవి. కింది నుంచి పైకి వెతకాలనే ఆ పద్ధతిని నేను ఇప్పటికీ వదల్లేదు.

జపాన్ బండ్లు వచ్చాక మాకు ఒక అంకె అలవాటైంది: 637. జపాన్ ప్రమాణం ప్రకారం బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే మీటరు కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరగాలి. అంటే కిలోమీటరుకు 637 చుట్లు. కేబుల్ పోయి సెన్సరు వచ్చినా ఆ లెక్క పోలేదు. చుట్టుకు 4 పల్సుల సెన్సరైతే కిలోమీటరుకు 2548 పల్సులు. 4 పల్సుల మీటరుకు 8 పల్సుల సెన్సరు తగిలిస్తే 60లో పోతున్న బండి 120 చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు, లెక్క కలవలేదంతే.

ఆటోమేటిక్ గేరుబాక్సుల చరిత్ర వేరే దారిలో నడిచింది. ఓల్డ్స్‌మొబైల్ 1940 మోడల్ కార్లలో హైడ్రామాటిక్ వచ్చినప్పుడు గేరు ఎప్పుడు మార్చాలో తేల్చేది గవర్నరు నుంచి వచ్చే నూనె ఒత్తిడి. స్పీడు మీటరుతో దానికి సంబంధం లేదు. ఎలక్ట్రానిక్స్ వచ్చాక గేరు మార్పుకూ వేగం సిగ్నలే ఆధారమైంది. మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ (గేరు తనంతట తానే మారే మాన్యువల్ గేరుబాక్సు) వచ్చాక చిన్న ఊళ్ల షెడ్లకు కూడా ఈ సంగతి చేరింది. ఇప్పుడు సిగ్నల్ పోతే ముల్లు పడిపోవడమే కాదు, కొన్ని బండ్లు ఒకే గేరులో ఇరుక్కుపోతాయి.

అందుకే సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ గేరుబాక్సు ఎక్కించాక మీటరు పనిచేయకపోతే ముందే డ్యాష్‌బోర్డు విప్పడం నాకు నచ్చదు. స్కానరు పెట్టి బండిని కొంచెం నడపండి. స్కానరులో వేగం కనిపిస్తూ ముల్లు లేవకపోతే తప్పు మీటరు వైపుంది. రెండింట్లోనూ సున్నా ఉంటే కిందికి దిగండి. మూడు వైర్ల సెన్సరులో ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కీ ఆన్ చేసి చక్రం మెల్లగా తిప్పితే సిగ్నల్ వైరులో వోల్టేజి లేస్తూ పడుతూ ఉండాలి. రెండు వైర్లదైతే మల్టీమీటరును ఏసీలో పెట్టాలి, చక్రం వేగం పెరిగితే వోల్టేజి పెరగాలి. బల్బు టెస్టరు మాత్రం ఈ వైర్లకు పెట్టొద్దు, కంప్యూటరు కాలే ప్రమాదం ఉంది. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో వేగం చక్రాల సెన్సర్ల నుంచే వస్తుంది. అలాంటి బండిలో గేరుబాక్సును అనుమానించే ముందు ఆ వైర్లు చూడాలి.

ముల్లు వణుకుతుంటే వైర్లు కలిసే కప్లరునో ఎర్త్‌నో పట్టుకోండి. అన్ని వేగాల్లోనూ ఒకే పాళ్లలో తేడా వస్తుంటే సెన్సరు మంచిదే. పినియను పండ్ల సంఖ్యో, ఫైనల్ డ్రైవ్ రేషియోనో మారింది. పాత గేరుబాక్సు నుంచి పినియనునో సెన్సరునో తీసి కొత్తదానికి బిగిస్తే చాలాసార్లు అక్కడికి సరిపోతుంది. రేషియోలోనే తేడా ఉంటే కంప్యూటరులో లెక్క మార్చాలి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వది స్పీడోమీటరు గురించే. అందుకే గేరుబాక్సు మార్పించుకునే వారికి నేను చెప్పేది ఒక్కటే: పాతదాన్ని తుక్కుకు అమ్మకండి. కొత్తదానితో రోడ్డెక్కి ముల్లు సరిగ్గా చూపిస్తుందని తేలేదాకా దాన్ని షెడ్డులోనే ఉంచమనండి.