ఎవరు తొక్కుతారు?

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో మేం నలుగురం కలిసి సైకిలు తొక్కితే కరెంటు పుట్టే యంత్రం ఒకటి చేశాం. పాత ఇనప సామాన్ల కొట్లో కొన్న సైకిలుని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం టైరు తీసేసి, రిమ్ము మీదుగా బెల్టు వేసి ఓ డీసీ మోటారుకి తగిలించాం. ఆ మోటారుని మనం తిప్పితే అదే జనరేటరవుతుంది. దాన్నుంచి 12 వోల్టుల బ్యాటరీకి తీగలు లాగాం. మొదటిరోజు మావాడు తొక్కి దిగిపోయాక కూడా చక్రం తిరుగుతూనే ఉంది! మధ్యలో డయోడు పెట్టడం మర్చిపోయామనీ, బ్యాటరీయే కరెంటు వెనక్కి పంపి మోటారుని తిప్పుతోందనీ తెలియడానికి ఓ పూట పట్టింది.

పరీక్షకి వచ్చిన మాస్టారు అంతా చూసి, "బానే ఉందయ్యా, ఎవరు తొక్కుతారు?" అన్నారు. మేం తెల్లమొహం వేశాం. మామూలు మనిషి గంటసేపు నిలకడగా 75 వాట్లు ఇవ్వగలిగితే గొప్పే. ఆ లెక్కన ఒక్క యూనిట్‌కి పదమూడు గంటలకి పైగా తొక్కాలి.

చాలా ఏళ్ళ తర్వాత ఆస్ట్రేలియా ఫ్లయింగ్ డాక్టర్ల చరిత్ర చదువుతుంటే ఆ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు 1928 మే నెలలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుంచి విమానంలో వైద్యం మొదలుపెట్టించాడు. విమానం ఉంది, డాక్టరున్నాడు. కానీ ఎక్కడో దూరాన పశువుల క్షేత్రంలో ఎవరికో ప్రాణం మీదకొస్తే ఆ కబురు చేరేదెలా? అక్కడ టెలిఫోను లేదు, కరెంటు లేదు. వైర్‌లెస్ పెడదామంటే బ్యాటరీలు మోయలేనంత బరువు.

ఈ పని అడిలైడ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ మీద పడింది. చేత్తో తిప్పే జనరేటరు ప్రయత్నించాడు. ఒక చెయ్యి దాన్ని తిప్పుతుంటే, రెండో చేత్తో మోర్స్ కోడ్ కొట్టడం కుదిరే పనా? అందుకని పెడల్స్ పెట్టాడు. కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కితే చేతులు ఖాళీ. పుట్టేది సుమారు 20 వాట్లే. కానీ ఆ కాస్తతోనే పనిచేసే రేడియోని తయారుచేశాడు. దానికి హ్యారీ కాపర్ లాంటి వైర్‌లెస్ నిపుణుల సాయమూ ఉంది. 1929లో మొదటి సెట్లు క్షేత్రాలకి చేరాయి.

మరి ఎవరు తొక్కారు? చాలాచోట్ల ఇంటి ఇల్లాళ్ళే. మగవాళ్ళు పశువుల వెంట పోతే ఇంట్లో మిగిలేది వాళ్ళేగా. జ్వరంతో మూలుగుతున్న పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని మోర్స్ గీతలూ చుక్కలూ గుర్తుచేసుకోవడం ఎవరి తరం? అది గమనించి ట్రేగర్ టైప్‌రైటర్ లాంటి కీబోర్డు చేశాడు. అక్షరం నొక్కితే చాలు, కోడ్ దానంతటదే వెళ్తుంది. తర్వాత మాటలే పంపే సెట్లొచ్చాయి. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో మొదలైన రేడియో బడికి కూడా ఈ ఫ్లయింగ్ డాక్టర్ల రేడియో వ్యవస్థే ఆధారం.

ట్రేగర్ యంత్రం మా యంత్రం కన్నా తక్కువ కరెంటే ఇచ్చింది. కానీ తొక్కే మనిషెవరో, ఆమె చేతులకి అప్పుడేం పనుందో చూసి చేసిన యంత్రమది. మేం నలుగురం బెల్టు గురించీ, మోటారు గురించీ రాత్రుళ్ళు తెగ వాదించుకున్నాం. సీటు మీద కూర్చునే మనిషి గురించి మాత్రం ఒక్కరం కూడా మాట్లాడలేదు.