రైల్లో, స్టేషన్లో లైంగిక నేరం కేసు: నిందితుడికి చట్టం ఇచ్చేదేంది, ఇవ్వనిదేంది

2025 అక్టోబరులో సంత్రాగచ్చి - చర్లపల్లి ప్రత్యేక రైలు గుంటూరు దాటి పెదకూరపాడు చేరేలోపు, ఆడవాళ్ల బోగీలో ఒక మహిళను కత్తితో బెదిరించి దోచుకుని అత్యాచారం చేశారన్న కేసు గుర్తుందిగా. ఘటన మన దగ్గర జరిగింది, ఫిర్యాదు సికింద్రాబాద్ వైపు అందింది. అక్కడి రైల్వే పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఇటు పంపారు.

ఇట్టాంటి కేసు వచ్చినప్పుడల్లా మన ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతయ్. ఒకటి, "అట్టాంటోడికి లాయరెందుకు, కాల్చి పారేయాలి". రెండోది, మనోడి మీదే కేసు పడితే వచ్చే మాట: "రైలు సెంట్రల్ గవర్నమెంటుదిరా, మన పోలీసులకేం పని, పెద్దమనుషుల్లో పెట్టి డబ్బులు కట్టిస్తే పోద్ది". రెండూ తప్పే. మన పత్తి చేలకు, మిరప కల్లాలకు వచ్చే కూలీలూ, హైదరాబాద్ కోచింగులకు పోయే పిల్లలూ, చెన్నై బెంగళూరు పనులకు పోయే కుర్రాళ్లూ ఎక్కేది ఈ రైళ్లే. ఫిర్యాదు చేయాల్సి వచ్చే చెల్లెళ్లూ, కేసులో ఇరుక్కునే తమ్ముళ్లూ ఇద్దరూ ఈ బండ్లలోనే ఉంటారు. అందుకే ఈ సంగతి ఒకసారి వివరంగా చెప్పుకుందాం.

లాయరెందుకు అనేవాళ్లకు

2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో, చదువుకుంటున్న తెనాలి అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. 2008లో నందిగామ దగ్గరి పేద కుటుంబం కుర్రాడు సత్యంబాబును పోలీసులు అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అమ్మాయి తల్లిదండ్రులు కూడా మొదట్నుంచీ అతను కాదనే అంటూ వచ్చారు. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది.

అతని యవ్వనం పోయింది, అమ్మాయి కుటుంబానికి న్యాయమూ పోయింది. తప్పు మనిషిని లోపలేస్తే అసలోడు బయట తిరుగుతుంటాడు. నిందితుడికి గట్టి లాయరు ఉండాలనేది అందుకే. అది నేరగాడి మీద జాలి కాదు, అసలు నేరగాడు దొరకడానికి దారి.

జాగా కేంద్రానిది, కేసు ఎవరిది?

రైలు, పట్టాలు, ప్లాట్‌ఫారం కేంద్రానివే. కానీ పోలీసు వ్యవస్థ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. రైల్వే పోలీసు కూడా అందులోనే అని ఏడో షెడ్యూల్లో విడిగా రాసుంది. అందుకే స్టేషన్లో రెండు రకాల పోలీసులు కనపడతారు. ఆర్పీఎఫ్ కేంద్రానిది, 1957 చట్టం కింద రైల్వే ఆస్తినీ, ప్రయాణికుల్నీ కాపాడటం దాని పని. జీఆర్పీ మన రాష్ట్ర పోలీసే. లైంగిక నేరం మీద ఎఫ్‌ఐఆర్ కట్టేదీ, దర్యాప్తు చేసేదీ జీఆర్పీ. ఆర్పీఎఫ్ వాళ్లు పట్టుకున్నా వీళ్లకే అప్పగించాలి. విచారణ మామూలు కోర్టులోనే. పెద్ద నేరమైతే సెషన్స్ కోర్టులో.

మంగళగిరి ఎయిమ్స్, ప్రకాశం జిల్లా పొగాకు బోర్డు వేలం కేంద్రాలు, పోస్టాఫీసు కూడా కేంద్రానివే. అక్కడ జరిగితే ఆ ఊరి పోలీస్ స్టేషనే చూసుద్ది. అమెరికాలో పద్ధతి వేరు: నేషనల్ పార్కులో, సైనిక స్థావరంలో, ఎగిరే విమానంలో జరిగితే ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఈ తేడా తెలుసుకోవాలి. ఇక్కడ మాత్రం "సెంట్రల్ జాగా" అనేది తప్పించుకునే సందు కాదు.

నడిచే బండిలో జరిగితే ఏ ఊరి కోర్టు అని కొట్టుకోవాల్సిన పనీ లేదు. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ బండి పోయిన దారిలోని కోర్టు విచారించొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ చెప్పుద్ది. ఫిర్యాదు ఏ స్టేషన్లో ఇచ్చినా తీసుకోవాలి. "అక్కడ కేసు పెట్టడం చెల్లదు" అనే వాదన కోర్టులో నిలవదు.

ఏ పనికి ఏ సెక్షన్

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించాలని ఒంటి మీద చెయ్యేస్తే 74: ఏడాది నుంచి ఐదేళ్లు, నాన్ బెయిలబుల్. అసభ్యంగా అడగడం, ఇష్టం లేకుండా బూతు బొమ్మలు చూపించడం 75. బట్టలు లాగితే 76, మూడు నుంచి ఏడేళ్లు. చాటుగా ఫొటో, వీడియో తీస్తే 77. వద్దన్నా వెంటపడితే, ఫోన్లో సతాయించినా సరే, 78. మాటతో, సైగతో అవమానిస్తే 79. అత్యాచారానికి 64 కింద పదేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇవి కాక, ఆడవాళ్ల బోగీలోకి మగాడు ఎక్కడం 1989 రైల్వే చట్టం 162 సెక్షన్ కింద విడిగా నేరం. "బండి కదుల్తుంటే తెలవక ఎక్కా" అని మన కుర్రాళ్లు తేలిగ్గా చెప్తారు. పెద్ద కేసులో అదే మొదటి మరక అయిద్ది.

పట్టుకెళ్తే మొదటి రోజు

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరమైతే ఊరికే అరెస్టు చేయకూడదు. అవసరం ఏందో రాయాలి, లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాట ఇది. నోటీసు వస్తే దాక్కోవద్దు, లాయరును వెంటబెట్టుకుని పోవాలి. పోకపోతే ఆ కారణంతోనే అరెస్టు చేస్తారు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణ సమయంలో లాయర్ను కలిసే హక్కుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నట్టు రాసిన కాయితం నేరాన్ని రుజువు చేయదు. అయితే ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే అంత భాగం వరకు కోర్టు తీసుకోవచ్చు. చదవకుండా, తెల్ల కాయితం మీద సంతకం పెట్టొద్దు. కొడితే మేజిస్ట్రేటుకు నోరు తెరిచి చెప్పు, వైద్య పరీక్ష అడుగు. ఆ ఒక్క నిమిషం పోతే మళ్లీ రాదు.

డబ్బుల్లేవని ఆగొద్దు. కస్టడీలో ఉన్న ఎవరికైనా 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత లాయరు వస్తాడు. కులం, ఆదాయం చూడరు. గుంటూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు కూడా ఆదాయంతో పనిలేకుండా ఈ సాయం ఉంటది. కాబట్టి ఫిర్యాదు చేసిన చెల్లి కూడా ఇదే నంబరుకు చేయొచ్చు.

బెయిలు ఎట్టా

అరెస్టుకు ముందే బెయిలు కావాలంటే 482 కింద సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి. పదహారేళ్ల లోపు పిల్ల మీద అత్యాచారం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల మీద సామూహిక అత్యాచారం కేసుల్లో ఆ దారి మూసేశారు. అరెస్టయ్యాక, కేసును బట్టి 60 లేక 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వచ్చిద్ది. కానీ అడిగితేనే. చార్జిషీటు పడ్డాక అడిగితే లాభం లేదు. ఈ తారీఖు లెక్క ఇంట్లోవాళ్లు క్యాలెండరు మీద రాసి పెట్టుకోవాలి.

నిజమైన డిఫెన్సు ఇది

రైలు కేసుల్లో ఎక్కువగా ముద్దాయి, బాధితురాలు ఒకరికొకరు తెలియనోళ్లు. కాబట్టి మొదటి ప్రశ్న "ఆ మనిషి ఇతనేనా" అనేది. దానికే గుర్తింపు పరేడ్ పెడతారు. పరేడుకు ముందే అరెస్టయినోడి ఫొటో బయటికి వస్తే ఆ పరేడు విలువ పోద్ది. ఇది రెండు వైపులా దెబ్బ. తప్పు మనిషి ఫొటో తిప్పితే అతని బతుకు పోద్ది. సరైన మనిషి ఫొటో తిప్పితే "ఫొటో చూసి గుర్తుపట్టింది" అని అతని లాయరు వాదిస్తాడు. కోపంతో ఫార్వర్డ్ కొట్టే మన వేలే ఆ ముద్దాయికి సాయం చేసిద్ది.

రెండోది, ఆ టైంలో నువ్వెక్కడున్నావు. టికెట్టు, రిజర్వేషన్ చార్టు, ఫోన్ టవరు లెక్క, ఫోన్‌పే చెల్లింపు, టీ కొట్టు కెమెరా అన్నీ సాక్ష్యమే. స్టేషను సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు చెరిగిపోద్ది. దాన్ని భద్రపరచమని లాయరు ద్వారా మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగాలి, కోర్టులో పిటిషను వేయాలి. "నేనక్కడ లేను" అంటే సరిపోదు, నిరూపించే బరువు నీదే. లేని సాక్ష్యం పుట్టిస్తే అది ఇంకో కేసు.

మూడోది, డాక్టరు రిపోర్టు, డీఎన్‌ఏ, బట్టల సీలు, ఎవరి చేతి నుంచి ఎవరికి ఎప్పుడు పోయింది. సత్యంబాబు లాంటి కేసులు తిరగబడేది ఇక్కడే.

ఇది డిఫెన్సు కాదు

ఆ అమ్మాయి గుణం ఎట్టాంటిది, ఎవరితో తిరిగింది అనేది చట్టం ముందు పనికిరాదు. సాక్ష్య అధినియమం 48 సెక్షన్ ఆ తలుపు మూసేసింది. ఆలస్యంగా ఫిర్యాదు చేసిందనో, ఇంకో సాక్షి లేడనో కేసు దానంతటదే పోదు. బాధితురాలి మాట నమ్మదగ్గదైతే అదొక్కటే చాలని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పెద్దమనుషుల రాజీ అస్సలు పనిచేయదు. అత్యాచారం కేసులో రాజీకి తావే లేదని 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బెయిలు కోసం బాధితురాలి చేత రాఖీ కట్టించుకోమన్న మధ్యప్రదేశ్ హైకోర్టు షరతును 2021లో కొట్టేసింది. ఇంటికి పోయి బతిమాలినా, బెదిరించినా బెయిలు రద్దయిద్ది, అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించినందుకు కొత్త కేసూ పడిద్ది. అత్యాచారం కేసులో అమ్మాయి పేరు, ఫొటో, ఊరు బయటపెడితే 72 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. గ్రూప్ అడ్మిన్ తమ్ముళ్లూ, ఇది చదివారుగా.

ఇంకో మాట. కోర్టు కొట్టేసిన ప్రతి కేసూ అబద్ధం కేసు కాదు. రుజువు చాలకపోవడం వేరు, కావాలని కట్టుకథ అల్లడం వేరు. రెండోది కూడా విడిగా రుజువు కావాల్సిందే.

వయసు పద్దెనిమిది లోపైతే

ఇష్టపడి ఇద్దరూ గుంటూరులో రైలెక్కారు, తర్వాతి పెద్ద స్టేషన్లో పట్టుబడ్డారు. మన ఊళ్లలో ఇది కొత్త కాదు. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే "తనే వచ్చింది" అనేది పోక్సో కింద సమాధానం కాదు. కిడ్నాప్ సెక్షన్ కూడా కలుపుతారు. పోక్సో పెద్ద సెక్షన్లలో కోర్టు మొదట నేరం జరిగిందనే అనుకుంటది, కాదని చూపాల్సింది ముద్దాయి. అబ్బాయికే పద్దెనిమిది లోపైతే వెంటనే చెప్పాలి, స్కూలు సర్టిఫికెట్టు ఇవ్వాలి. అతని కేసు బాలల న్యాయ మండలికి పోద్ది, అతన్ని లాకప్పులో గానీ పెద్దోళ్ల జైల్లో గానీ పెట్టకూడదు.

ముద్దాయి కేంద్ర ఉద్యోగి అయితే

"నేను సెంట్రల్ ఉద్యోగిని, పైవాళ్ల అనుమతి లేకుండా కేసు నడవదు" అనే మాట లైంగిక నేరాల్లో చెల్లదు. ఆ అనుమతి అక్కర్లేదని చట్టంలోనే రాశారు. పని చోట వేధింపైతే 2013 చట్టం కింద ఆఫీసు కమిటీ విచారణ విడిగా జరుగుద్ది. మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. ఫిర్యాదు కాపీ, జవాబు చెప్పే అవకాశం ఉద్యోగికి ఇవ్వాలి. కమిటీ ముందు ఇద్దరికీ లాయర్లు ఉండరు. ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు చెల్లెళ్లకూ ఈ చట్టం వర్తిస్తది. చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినోళ్లు చెప్పండి.

ఫోన్లో పెట్టుకోండి: రైల్లో ఆపదొస్తే 139, ఎక్కడైనా 112, ఉచిత లాయరుకు 15100.