యాంప్లిఫయర్ లేని గిటార్: ఒక నాదానుకరణ చరిత్ర

సంగీత చరిత్రను మనం సాధారణంగా వాగ్గేయకారుల చరిత్రగా, గాయకుల, వాద్య విద్వాంసుల చరిత్రగా చదువుకుంటాం. నాదాన్ని శ్రోత చెవి దాకా మోసుకువచ్చే యంత్రాలకు ఆ చరిత్రలో చోటు దక్కడం అరుదు. అవి కేవలం సాధనాలే అన్న భావన ఇందుకు కారణం కావచ్చు. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఒక యంత్రం సాధనంగా మొదలై వాద్యంలో భాగమైపోయింది. ఆ శతాబ్దం ముగిసేనాటికి అదే యంత్రం భౌతిక రూపాన్ని వదిలి గణిత రూపం దాల్చసాగింది. అదే గిటార్ యాంప్లిఫయర్.

ఈ విషయంపై నా దృష్టి మళ్లడానికి మా అబ్బాయి కారణం. డిగ్రీ చదువుతున్న అతడు నిరుడు ఒక ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్నాడు. యాంప్లిఫయర్ కొనే స్తోమత గానీ, దాన్ని మోగించే వీలు గానీ మా క్వార్టర్స్‌లో లేవు. అరచేతిలో ఇమిడే ఒక పెట్టె ద్వారా గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఒక సాఫ్ట్‌వేర్ తెరిచాడు. తెర మీద పాతకాలపు యాంప్లిఫయర్ బొమ్మ కనిపించింది. ముందు భాగంలో గుడ్డ, వరుసగా తిప్పుడు బిళ్లలు, వెనుక ఎర్రగా వెలుగుతున్న గాజు వాల్వులు. మా తాతగారి ఇంట్లో స్విచ్ వేసిన కాసేపటికి గానీ పలకని వాల్వు రేడియో నాకు గుర్తుకు వచ్చింది. ఒక్క వాల్వు కూడా లేని కంప్యూటర్ వాల్వు బొమ్మను ఎందుకు చూపాలి? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలోనే ఉంది.

లోపమే గుణమైన తీరు

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ రూపొందించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వు బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని బలపరచే మార్గం చూపింది. రేడియో, టెలిఫోను, చలనచిత్ర ధ్వని అన్నీ దాని సంతానమే. నాటి నృత్య బృందాల్లో ఇత్తడి వాయిద్యాల హోరులో గిటార్ వినిపించేది కాదు. 1931లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బోషాం అయస్కాంతం, తీగచుట్ట సాయంతో తంత్రి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే గిటార్‌ను రూపొందించాడు. పెనం ఆకారంలో ఉన్నందున దానికి ‘ఫ్రైయింగ్ ప్యాన్’ అన్న పేరు స్థిరపడింది. 1932లో అది విపణికి వచ్చింది.

ఇంజనీర్ల లక్ష్యం ఒక్కటే. లోపలికి వచ్చిన సంకేతం రూపం చెడకుండా, పెద్దదై బయటికి రావాలి. కానీ వాల్వుకు ఒక హద్దు ఉంది. దాన్ని మించి తోస్తే ధ్వని తరంగపు శిఖరాలు చదునుగా నలిగిపోతాయి. అలా నలిగినప్పుడు మూలంలో లేని అనుస్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. రెండు స్వరాలు కలిపి మోగిస్తే వాటి మొత్తానికి, భేదానికి సరిపోయే మరికొన్ని ధ్వనులు కూడా చేరతాయి. రాక్ సంగీతంలో షడ్జ పంచమాల జంటకు దక్కిన ప్రాధాన్యానికి ఇదొక కారణం. వాటి కంపనాల నిష్పత్తి 2:3 కనుక, భేదం నుంచి పుట్టే ధ్వని సరిగ్గా కింది స్థాయి షడ్జమే అవుతుంది. ఇతర జంటలు కలగాపులగమైన చోట ఈ జంట నిండుగా పలుకుతుంది. ఇంజనీరు లోపమన్నది వాద్యకారుడికి వరమైంది.

ఆ లోపాన్ని కళాకారులు ప్రమాదవశాత్తూ కనుగొన్న సందర్భాలు ప్రసిద్ధం. 1951లో మెంఫిస్‌లో ‘రాకెట్ 88’ పాట రికార్డింగుకు వెళుతుండగా యాంప్లిఫయర్ దెబ్బతిన్నదనీ, స్పీకర్‌లో కాగితాలు కుక్కి వాయించారనీ చెబుతారు. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వరీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ నాష్‌విల్ స్టూడియో పరికరంలోని లోపం వల్ల బొంగురుగా నమోదైంది. దాన్ని చెరిపివేయకుండా అలాగే ఉంచారు. ఆ బొంగురుతనాన్ని కోరినప్పుడల్లా పుట్టించే ట్రాన్సిస్టర్ సర్క్యూటును అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ తయారు చేయగా, 1962లో అది ‘మేస్ట్రో ఫజ్ టోన్’గా అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో వాడిన తరువాత దాని ఖ్యాతి ఖండాంతరాలు దాటింది. కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలకు అదొక ఆది రూపం.

భారతీయ శ్రోతకు ఇది వింత కానక్కరలేదు. తంబురా బ్రిడ్జి మీద తంత్రి కింద సన్నని దారం పోగు జరిపి, కావాలనే ఒక ఝంకారం పుట్టిస్తాం. హిందుస్తానీ విద్వాంసులు దాన్నే జవారీ అంటారు. శుద్ధ భౌతిక శాస్త్రం దృష్టిలో తంత్రి బ్రిడ్జిని తాకుతూ కంపించడం ఒక అవాంతరం. మన చెవికి అదే ప్రాణం. మన తంత్రీ వాద్యాల అనుస్వర సంపద సాధారణ తంత్రి నియమాలకు లొంగదని సర్ సి.వి. రామన్ 1921లోనే తన పరిశోధన వ్యాసంలో గుర్తించారు.

అనుకరణ కొత్తది కాదు

సాఫ్ట్‌వేర్‌ను ‘నకలు’ అని చిన్నచూపు చూసేవారు ఒక సంగతి గమనించాలి. అసలుగా పూజలందుకుంటున్న యాంప్లిఫయర్లలో కొన్ని స్వయంగా నకళ్లే. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ సంస్థ బేస్ గిటార్ కోసం ‘బేస్‌మన్’ యాంప్లిఫయర్‌ను తయారు చేసింది. లండన్ శివార్లలో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్, తన సహచరులతో కలిసి 1962లో దాదాపు అదే సర్క్యూటుతో ‘జేటీఎం 45’ను నిర్మించాడు. అయితే స్థానికంగా దొరికిన విడిభాగాలు, స్పీకర్లు వేరు కావడంతో ధ్వని మారిపోయింది. ఆ మార్పే కాలక్రమంలో బ్రిటిష్ రాక్ సంగీతపు కంఠస్వరమైంది.

1947లో బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన ట్రాన్సిస్టర్ క్రమంగా వాల్వును రేడియోల నుంచి, టెలివిజన్ల నుంచి తొలగించింది. గిటార్ వాద్యకారులు మాత్రం వాల్వును వదలలేదు. అది బరువైనది, త్వరగా అరిగేది, గట్టిగా మోగిస్తే తప్ప అసలు గుణం చూపనిది. ఇంట్లో ఆ స్థాయిలో మోగించడం అసాధ్యం. ఈ ఇబ్బంది నుంచే అనుకరణ యంత్రాలు పుట్టాయి. 1989లో న్యూయార్క్‌లోని టెక్ 21 సంస్థ ‘శాన్స్ యాంప్’ అనే చిన్న పెట్టెలో ట్రాన్సిస్టర్ తరహా సర్క్యూట్లతో వాల్వు ధ్వనిని అనుకరించింది. 1995లో రోలాండ్ సంస్థ ‘వీజీ 8’ ద్వారా, 1998లో లైన్ 6 సంస్థ ‘పాడ్’ ద్వారా ఆ పనిని అంకెల గణనకు అప్పగించాయి. 1996లో స్టైన్‌బెర్గ్ సంస్థ ప్రవేశపెట్టిన వీఎస్‌టీ విధానం వల్ల సంగీత సాఫ్ట్‌వేర్‌లో బయటివారి ఉపకరణాలు కూడా ఇమిడే వీలు కలిగింది. 2002లో ‘యాంప్లిట్యూబ్’, 2004లో ‘గిటార్ రిగ్’ వెలువడ్డాయి. అప్పటికి యాంప్లిఫయర్, స్పీకర్, ఎఫెక్ట్ పెట్టెలు అన్నీ ఒకే తెర మీదకు చేరాయి.

కొత్తగా ఆరంభించేవారికి

ఈ సాఫ్ట్‌వేర్ పనితీరును స్థూలంగా తెలుసుకుంటే ఆరంభకుల సందేహాలు చాలావరకు తీరతాయి. మొదటి అవసరం ఆడియో ఇంటర్‌ఫేస్. మైక్రోఫోన్ కోసం ఉద్దేశించిన రంధ్రంలో గిటార్ తీగ పెడితే ధ్వని మందకొడిగా వస్తుంది. గిటార్ పికప్‌కు సుమారు పది లక్షల ఓముల నిరోధం గల ప్రత్యేక ప్రవేశమార్గం కావాలి. ఇంటర్‌ఫేస్‌పై వాద్యం గుర్తు ఉన్న మార్గం అదే. తంత్రులను ఎంత గట్టిగా మీటినా సూచిక ఎరుపును తాకకుండా స్థాయిని ముందే సరిచేసుకోవాలి. వాల్వు నలుపు వినసొంపుగా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర జరిగే నలుపు మాత్రం కర్ణకఠోరం. దాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

రెండవది జాప్యం. కంప్యూటర్ ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి లెక్కిస్తుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, మూటకు 128 నమూనాలైతే ఒక మూటకు పట్టే కాలం సుమారు 2.7 మిల్లీసెకన్లు. రాకపోకలు రెండింటికీ, మార్పిడికీ కలిపితే ఇది మూడు నాలుగు రెట్లు కావచ్చు. గాలిలో ధ్వని ఒక మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే యాంప్లిఫయర్‌కు మూడు మీటర్ల దూరంలో నిలిచిన వాద్యకారుడు ఎప్పటినుంచో 9 మిల్లీసెకన్ల జాప్యంతోనే వాయిస్తున్నాడు. మూటను మరీ చిన్నది చేస్తే లెక్క సకాలంలో పూర్తికాక చిటపటలు వస్తాయి. కంప్యూటర్ శక్తిని బట్టి మధ్యేమార్గం ఎంచుకోవాలి.

మూడవది స్పీకర్ పెట్టె. మా అబ్బాయి మొదటి రోజున దాని అనుకరణను ఆపివేసి, తేనెటీగల తుట్టె కదిలినట్టున్న ధ్వని విని నిరాశపడ్డాడు. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులను చాలావరకు అణచివేస్తుంది. యాంప్లిఫయర్‌లో పుట్టిన కరకుదనాన్ని వడకట్టేది అదే. సాఫ్ట్‌వేర్‌లో ఈ పని నిజమైన స్పీకర్ నుంచి మైక్రోఫోన్ ద్వారా సేకరించిన ఒక ధ్వనిముద్ర చేస్తుంది. ఇక ఎఫెక్టుల వరుస విషయానికి వస్తే ఫజ్ వంటివి యాంప్లిఫయర్‌కు ముందు, ప్రతిధ్వని, గది నాదం వంటివి తరువాత పెట్టడం సాధారణ పద్ధతి. ముందు స్వరం పుట్టాలి, తరువాత అది గదిలో మారుమోగాలి. హెడ్‌ఫోన్లలో వినేటప్పుడు స్థాయి తగ్గించి మొదలుపెట్టడం చెవికి క్షేమం. ఉచితంగా లభించే రూపాలతోనే ఆరంభించి, ఒకే యాంప్లిఫయర్ బొమ్మతో కొన్ని వారాలు సాధన చేయడం, వందల బొమ్మల మధ్య తిరగడం కంటే మేలు.

జాబితాలో ఎవరున్నారు?

2011లో జర్మనీకి చెందిన కెంపర్ సంస్థ మరో దారి తొక్కింది. సర్క్యూటును లెక్కించకుండా, నిజమైన యాంప్లిఫయర్‌లోకి పరీక్షా సంకేతాలు పంపి, బయటికి వచ్చినదాన్ని బట్టి దాని స్వభావాన్ని నమోదు చేసింది. తరువాతి కాలంలో ‘న్యూరల్ యాంప్ మోడలర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనిని కృత్రిమ న్యూరల్ జాలాలతో సామాన్యుడికి కూడా అందుబాటులోకి తెచ్చింది. అయితే ఇలాంటి నమోదు సాధారణంగా ఒక ఛాయాచిత్రం వంటిది. ఆ రోజున బిళ్లలు ఏ స్థానంలో ఉన్నాయో ఆ స్థానపు ధ్వనే అందులో నిలుస్తుంది. అందుకే సర్క్యూటు పటాల విలువ తగ్గలేదు. ఫెండర్ వంటి తయారీదారులు మరమ్మతు చేసేవారి కోసం ముద్రించిన ఆ కాగితాలు నేడు చారిత్రక పత్రాలయ్యాయి. వాటి ఆధారంగానే విశ్రాంత యంత్రాలెన్నో తెర మీద పునర్జన్మ ఎత్తాయి.

ఆ జాబితాలో నాకు కనిపించినవి ఎక్కువగా అమెరికా, బ్రిటన్ యంత్రాలు. మన దేశానికి ఈ విద్య తెలియనిది కాదు. 1954లో బెంగళూరులో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లోనే రేడియో వాల్వుల తయారీ చేపట్టింది. 1979లో అదే నగరంలో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించారు. నాదానుకరణను కచేరీ వేదిక మీదకు ఎక్కించి, శ్రోతల చేత ఒప్పించిన ఘనత ఆ పెట్టెది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ యు. శ్రీనివాస్, ఎనిమిది తంత్రుల పాశ్చాత్య వాద్యాన్ని అయిదు తంత్రుల విద్యుత్ వాద్యంగా మలచుకున్నారు. మీటగానే ఆరిపోయే మాండొలిన్ స్వరం గమకాన్ని మోయగలిగేంత సేపు నిలిచిందంటే, అందులో ఆయన వేళ్లతో పాటు యాంప్లిఫయర్‌కు కూడా పాలు ఉంది. 2014లో ఆయన కన్నుమూశారు. ఆయన కచేరీల రికార్డింగులు మనకు ఉన్నాయి. ఆ స్వరం ఏ పికప్ నుంచి, ఏ యాంప్లిఫయర్ ద్వారా, ఏ అమరికలో వెలువడిందో ముందు తరాలకు తెలియాలంటే రికార్డింగు ఒక్కటే చాలదు.

బొబ్బిలిలో, నూజివీడులో పనస కలపతో వీణలు చెక్కే కళాకారుల విద్యకు ముద్రిత పటాలు తక్కువ. అది చేతి నుంచి చేతికి సాగే విద్య. కలప మందం ఎంత, బ్రిడ్జి వంపు ఎంత, మేళం కట్టే మైనం పాళ్లు ఏమిటి అన్న వివరాలు తయారీదారుల సమక్షంలో నమోదు కావాలి. వీణ పలుకును పరీక్షా సంకేతాలతో నమోదు చేసే సాధనాలు నేడు ఒక విద్యార్థి గదిలోనే ఉన్నాయి. సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాల సంగీత, చరిత్ర విభాగాలు కలిసి ఈ పని చేపట్టవచ్చు. ఖర్చు కొద్ది. ఆలస్యమైతే నష్టం తిరిగి పూడ్చలేనిది.

మా అబ్బాయి గది నుంచి ఇప్పుడు రోజూ సాయంత్రం అరవై ఏళ్లనాటి ఒక లండన్ యాంప్లిఫయర్ ధ్వని వినిపిస్తుంది. ఆ యంత్రాన్ని అతడు ఎన్నడూ చూడలేదు, బహుశా చూడబోడు కూడా. ఎవరో ఒకరు దాని పటాన్ని దాచిపెట్టినందువల్లనే అది మా ఇంటి దాకా రాగలిగింది.