పిల్లులలో ఎఫ్.ఐ.పి. వ్యాధి - చికిత్సా నిర్ణయం

ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్ అనునది పిల్లులకు వచ్చే ఒక ప్రాణాంతక వైరస్ వ్యాధి. దీనినే సంక్షిప్తంగా ఎఫ్.ఐ.పి. అంటారు. చికిత్స లేనిచో వ్యాధి సోకిన పిల్లి దాదాపు ఎల్లప్పుడూ కొద్ది రోజులలోనో, కొద్ది వారాలలోనో మరణిస్తుంది. 2019కి పూర్వం ఈ వ్యాధి అని తేలిన వెంటనే పశువైద్యులు సాధారణంగా కారుణ్య మరణాన్నే సూచించేవారు. ఆ తరువాత వచ్చిన మందుల వలన ఇది చాలా వరకు నయం కాగల వ్యాధిగా మారినది. కాని రోగనిర్ధారణ పూర్తిగా రూఢి కాకముందే చికిత్స మొదలుపెట్టవలసి రావడం వలన, పెంపకందారు తీసుకొనే నిర్ణయం నేటికీ కష్టమైనదే.

పేరు, కారణం

ఈ వ్యాధిని 1963లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు మొదటిసారిగా వర్ణించినది. పెరిటోనైటిస్ అనగా ఉదర కుహరాన్ని కప్పి ఉండే పొర వాచిపోవడం. నిజానికి ఈ పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. వ్యాధి ఉన్న అనేక పిల్లులలో ఆ పొరకు ఏమీ కాదు. కన్ను, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇక పేరులో అంటువ్యాధి అని ఉన్నప్పటికీ, జబ్బుపడిన పిల్లి నుండి మరొక పిల్లికి ఇది నేరుగా సోకడం అరుదు.

పిల్లుల కరోనావైరస్ దీనికి కారణం. ఇది కోవిడ్-19 వైరస్‌కు దూరపు బంధువు మాత్రమే, మనుషులకు సోకదు. మలం ద్వారా, అందరూ వాడే ఇసుక తొట్టి ద్వారా ఇది పిల్లి నుండి పిల్లికి వ్యాపిస్తుంది. అనేక పిల్లులు ఒకేచోట ఉండే ఇళ్ళలోను, సంరక్షణ కేంద్రాలలోను అధిక భాగం పిల్లులకు ఎప్పుడో ఒకప్పుడు సోకినదే అయి ఉంటుంది. వాటికి కొద్దిపాటి విరేచనాలు తప్ప మరేమీ కాదు. అయితే కొద్ది పిల్లులలో ఆ వైరస్ శరీరం లోపలే ఉత్పరివర్తనం చెంది, మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలలో పెరగగల శక్తిని సంపాదించుకుంటుంది. అప్పుడు రక్తనాళాల చుట్టూ వాపు ఏర్పడి ఎఫ్.ఐ.పి. వ్యాధి మొదలవుతుంది. రెండు సంవత్సరాల లోపు పిల్లులలో ఇది ఎక్కువ.

2023లో సైప్రస్ ద్వీపంలో ఈ వ్యాధి పెద్ద ఎత్తున ప్రబలినది. అక్కడ కనిపించిన వైరస్‌లో కుక్కల కరోనావైరస్ జన్యుభాగం కలిసి ఉన్నదని, అది పిల్లి నుండి పిల్లికి నేరుగా వ్యాపించగలిగినదని పరిశోధకులు గుర్తించారు. పైన చెప్పిన సాధారణ నియమానికి ఇది మినహాయింపు.

లక్షణాలు

యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండే జ్వరం, ఆహారం మానివేయడం, బరువు తగ్గడం, కామెర్లు ముఖ్య లక్షణాలు. వ్యాధి రెండు రూపాలలో కనిపిస్తుంది. తడి రూపంలో కడుపులోగాని, ఛాతీలోగాని ద్రవం చేరుతుంది. వెన్నెముక బయటకు తేలి ఉండగా పొట్ట మాత్రం ఉబ్బి ఉండడం దీని గుర్తు. పొడి రూపంలో ద్రవం ఉండదు. అవయవాలలో గడ్డలు ఏర్పడతాయి, కంటి రంగు మారవచ్చు, నడక తూలవచ్చు, మూర్ఛలు రావచ్చు. ఈ రూపాన్ని గుర్తించడం చాలా కష్టం.

రోగనిర్ధారణలోని చిక్కు

ఒకే ఒక్క రక్తపరీక్షతో ఎఫ్.ఐ.పి. అని తేల్చి చెప్పే అవకాశం లేదు. కరోనావైరస్ ప్రతిరక్షకాల పరీక్షను చూసి అనేకమంది భయపడతారు. కాని ఆ పరీక్ష, పిల్లి శరీరంలోకి ఎప్పుడో సాధారణ కరోనావైరస్ ప్రవేశించినదని మాత్రమే చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లులలో కూడా అది తరచుగా పాజిటివ్ వస్తుంది. కేవలం ఆ ఫలితాన్ని బట్టి పిల్లిని చంపించడం తగదు.

పశువైద్యుడు పలు ఆధారాలను కూడగట్టి ఒక అభిప్రాయానికి వస్తాడు. రక్తంలో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే మాంసకృత్తుల నిష్పత్తి 0.4 కంటె తక్కువైతే అనుమానం బలపడుతుంది, 0.8 కంటె ఎక్కువైతే ఈ వ్యాధి కాకపోవచ్చు. తడి రూపంలో సూదితో తీసిన ద్రవం పసుపుపచ్చగా, జిగురుగా, మాంసకృత్తులు అధికంగాను, కణాలు తక్కువగాను కలిగి ఉంటుంది. దీనికి రివాల్టా పరీక్ష అనే సులభమైన పద్ధతి కలదు. శుద్ధజలంలో ఒక చుక్క అసిటిక్ ఆమ్లం కలిపి, దానిపై ఈ ద్రవం ఒక చుక్క వదలుతారు. చుక్క కరగకుండా ఆకారం నిలుపుకుంటే పాజిటివ్. చిన్న ఆసుపత్రిలో కూడా నిమిషాలలో చేయవచ్చు. అయితే బాక్టీరియా వలన కలిగే వాపులోను, లింఫోమా అనే కాన్సర్‌లోను కూడా ఇది పాజిటివ్ రావచ్చు.

కణజాలం ముక్కను తీసి, మాక్రోఫేజ్‌లలో వైరస్ ఉన్నదని ప్రత్యేక రంజనంతో చూపడం అత్యంత విశ్వసనీయమైన పద్ధతి. దీనికి మత్తుమందు, శస్త్రచికిత్స అవసరం. కొన ఊపిరితో ఉన్న పిల్లి దీనిని తట్టుకోలేకపోవచ్చు. ఫలితం వచ్చేవరకు బ్రతకకపోవచ్చు కూడా. రూఢి కోసం వేచి ఉన్నకొద్దీ చికిత్స ఫలించే అవకాశం తగ్గిపోతుంది. నిర్ణయంలోని అసలు కష్టం ఇక్కడే ఉన్నది.

మందుల చరిత్ర

అమెరికాలోని గిలియడ్ సైన్సెస్ కంపెనీ తయారుచేసిన జి.ఎస్-441524 అనే పదార్థం వైరస్ జన్యుపదార్థం నకలు కాకుండా అడ్డుకుంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం దీనిని సహజంగా వ్యాధి వచ్చిన 31 పిల్లులపై ప్రయోగించి 2019లో ఫలితాలు ప్రకటించినది. వీటిలో నాలుగు పిల్లులు మొదటి కొద్ది రోజులలోను, ఒకటి 26 రోజుల తరువాతను మరణించాయి లేదా కారుణ్య మరణం పొందాయి. మిగిలిన 26 పిల్లులు 12 వారాల చికిత్స పూర్తిచేశాయి. ఎనిమిదింటికి వ్యాధి తిరగబెట్టినది. వాటిలో ఏడు మరల చికిత్స పొంది కోలుకున్నాయి. మొత్తం మీద 25 పిల్లులు దీర్ఘకాలం బ్రతికాయి.

కంపెనీ ఈ మందును పిల్లుల కోసం విడుదల చేయలేదు. దీనికి దగ్గరి రూపమైన రెమ్డెసివిర్‌ను మనుషులకు అందించడమే అప్పటి దాని లక్ష్యం. ఫలితంగా చైనా నుండి పేరు, మోతాదు సరిగా తెలియని సీసాలు ప్రపంచమంతటా రహస్యంగా అమ్ముడుపోయాయి. పశువైద్యులు చట్టరీత్యా ఆ మందును సూచించలేక, తమ పిల్లులకు తామే సూది వేసుకుంటున్న యజమానులను దూరం నుండి గమనించవలసి వచ్చినది. వైద్యశాస్త్ర చరిత్రలో ఇది విచిత్రమైన ఘట్టమే.

2021లో బ్రిటన్‌లో పశువైద్యుల ద్వారా ఈ మందు చట్టబద్ధంగా లభించసాగినది. అమెరికాలో 2024 జూన్ నుండి పశువైద్యుని చీటీపై ఫార్మసీలో తయారుచేసిన మాత్రలు దొరుకుతున్నాయి. సైప్రస్ ప్రభుత్వం 2023 ఆగస్టులో, మనుషుల కోవిడ్ చికిత్సకు నిలవ ఉంచిన మోల్నుపిరావిర్ మాత్రలను పిల్లులకు వాడుకొనుటకు అనుమతించినది.

రెమ్డెసివిర్ శరీరంలో జి.ఎస్-441524గా మారుతుంది కాబట్టి, మాత్ర మింగలేని స్థితిలోని పిల్లులకు దానిని సూదిమందుగా ఇస్తారు. భారతదేశంలో 2020 జూన్‌లో రెమ్డెసివిర్‌ను మొదట విడుదల చేసిన సంస్థలలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. కాని ఇది మనుషుల కోసం తయారైన మందు. పిల్లికి మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి.

చికిత్స మొదలుపెట్టుటకు ముందు

పెంపకందారు పశువైద్యుని అడిగి తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. ఇది ఎఫ్.ఐ.పి. కాకుంటే మరేమి కావచ్చు? లింఫోమా, క్షయ, టాక్సోప్లాస్మా, గుండె జబ్బు, ఛాతీలో చీము వంటివి ఇదేవిధంగా కనిపించగలవు, వాటి చికిత్స వేరు. కన్నుగాని మెదడుగాని దెబ్బతిన్నదా? అలా అయితే మోతాదు పెంచాలి, వ్యాధి తిరగబెట్టే అవకాశం కూడా ఎక్కువ. ఛాతీలో ద్రవం చేరి ఊపిరి ఆడని పిల్లికి ముందుగా ఆ ద్రవాన్ని తీసివేయాలి. కడుపులోని ద్రవాన్ని మాత్రం పదేపదే తీయరాదు. తీసినకొద్దీ మళ్ళీ చేరుతుంది, మాంసకృత్తులు నష్టమవుతాయి.

ఖర్చు మాట్లాడుకొనుటకు సిగ్గుపడవలసిన పని లేదు. మందు వెల పిల్లి బరువును బట్టి పెరుగుతుంది. రక్తపరీక్షలు, స్కానింగ్ దీనికి అదనం. సగంలో ఆపివేయవలసి వస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉన్నది. కాబట్టి మొత్తం కాలానికి అయ్యే ఖర్చును, రోజూ మందు వేయగల మనిషిని ముందే చూసుకోవాలి.

పూర్తి చికిత్సకు స్తోమత లేనివారు ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మందుతో కొద్దికాలం ఉపశమనం కలిగించవచ్చు. ఆకలి పెరిగి పిల్లి కోలుకున్నట్లు కనిపిస్తుంది గాని వ్యాధి నయం కాదు. ఈ తేడాను పశువైద్యుడు ముందుగానే స్పష్టం చేయడం మంచిది.

మొదటి వారం

ఈ వ్యాధిలో చికిత్సయే ఒక విధమైన పరీక్ష. మందు పనిచేస్తున్నచో జ్వరం సాధారణంగా రెండు మూడు రోజులలో తగ్గుతుంది; పిల్లి తినడం, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం మొదలుపెడుతుంది. కడుపులోని ద్రవం ఒకటి రెండు వారాలలో తగ్గుతుంది. ఏ మార్పూ లేకున్నచో రోగనిర్ధారణ తప్పై ఉండవచ్చు, మోతాదు చాలకపోయి ఉండవచ్చు, మందు నాణ్యమైనది కాకపోయి ఉండవచ్చు. అందువలన ఆధారాలు బలంగా ఉన్నప్పుడు అనేకమంది పశువైద్యులు, మొదటే పన్నెండు వారాలకు మాట ఇవ్వకుండా, కొద్ది రోజులు చికిత్స చేసి మరల ఆలోచిద్దామని సలహా ఇస్తారు. డబ్బు పరిమితంగా ఉన్నవారికి ఇది ఎంతో ఉపయుక్తమైన మార్గం. అయితే 2019 ప్రయోగంలో మరణించిన పిల్లులలో అధికభాగం ఈ మొదటి రోజులలోనే మరణించాయని మరువరాదు.

పన్నెండు వారాలు

చికిత్సా కాలం సాధారణంగా 84 రోజులు. మందును ప్రతిదినం సమయం తప్పకుండా ఇవ్వాలి. సూదిమందు ఆమ్లగుణం కలది కావడం వలన పిల్లికి నొప్పి కలిగిస్తుంది, చర్మంపై పుండ్లు పడవచ్చు. మాత్రలు వచ్చిన తరువాత ఈ బాధ చాలావరకు తప్పినది. కోలుకొనే పిల్లి, ముఖ్యంగా పిల్లికూన, త్వరగా బరువు పెరుగుతుంది. ప్రతివారం తూచి మోతాదును సరిచేయకుంటే పెరిగిన శరీరానికి మందు చాలక వ్యాధి తిరగబెట్టవచ్చు. తడి రూపం గల 40 పిల్లులపై జర్మనీలో జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో 42 రోజుల చికిత్స కూడా 84 రోజుల చికిత్స అంత ఫలించినది. ఈ వెసులుబాటు మెదడు, కన్ను దెబ్బతిన్న పిల్లులకు వర్తించదు. చికిత్స ముగిసిన పిమ్మట మరో పన్నెండు వారాలు గమనిస్తూ ఉండాలి.

చికిత్సను ఆపడం, కారుణ్య మరణం

చికిత్సకు స్పందించని పిల్లిని ఎంతవరకు బ్రతికించాలి అన్నది నిర్ణయించుటకు అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ఒక కొలమానాన్ని ప్రతిపాదించినది. నొప్పి, ఆకలి, శరీరంలో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడు రోజులకంటె మంచి రోజులు ఎక్కువగా ఉండడం - ఈ ఏడింటికీ సున్నా నుండి పది వరకు మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే పిల్లి జీవితం భరించదగినదిగా భావిస్తారు. పిల్లులు నొప్పిని దాచుకుంటాయి కాబట్టి మొదటి అంశానికి మార్కు వేయడం అంత సులభం కాదు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఉన్న తీరును బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతి 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం నుండి వచ్చినది. ఇంట్లోనివారు ఒక్కొక్కరు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకుంటే ఉపయోగం. ఎక్కువ ప్రేమించేవారే ఎక్కువ మార్కులు వేయడం తరచుగా చూస్తుంటాము.

కారుణ్య మరణంలో ముందు మత్తు ఇచ్చి, తరువాత పెంటోబార్బిటాల్ వంటి మందును ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. పిల్లి కొద్ది క్షణాలలో స్పృహ కోల్పోతుంది.

ఇంటిలోని ఇతర పిల్లులు

ఇంటిలోని మిగతా పిల్లులకు సాధారణ కరోనావైరస్ అప్పటికే సోకి ఉండే అవకాశం ఎక్కువ. వాటిని వేరుచేయడం వలన పెద్దగా ప్రయోజనం లేదు. ఎండిన మలపు తునకలలో వైరస్ కొన్ని వారాలు బ్రతుకుతుంది, సాధారణ బ్లీచింగు ద్రావణంతో నశిస్తుంది. పిల్లి మరణించిన ఇంటిలోకి కొత్త పిల్లిని తెచ్చుటకు ముందు రెండు నెలలు ఆగమని పశువైద్యులు చెబుతారు. ముక్కులో వేసే టీకా ఒకటి 1991లో అమెరికాలో వచ్చినది గాని, దాని ప్రయోజనం తక్కువ కావడం వలన సాధారణంగా దానిని సిఫారసు చేయరు.