3(జె), 3(కె): పత్తి గింజ పక్కనే కంప్యూటర్ ప్రోగ్రాం

గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఎడ్లపాడు తగులుతుంది. అటు కొండవీటి కొండలు, ఇటు స్పిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు. పొద్దున లేస్తే మిర్చి రేటు, పత్తి రేటు మాట్లాడుకునే నేల. సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు ఇవ్వొచ్చా అన్న తగువు ఇక్కడికెందుకు వస్తుంది అనిపించడం సహజం. కానీ ఆ తగువు మన దేశంలో గట్టిగా తేల్చుకోవడానికి కోర్టుకెక్కింది ప్రోగ్రాం రూపంలో మాత్రమే కాదు, పత్తి గింజ రూపంలోనూ.

1970 నాటి పేటెంట్ల చట్టంలో మూడో సెక్షన్ వేటికి పేటెంటు ఇవ్వకూడదో చెబుతుంది. 2002 సవరణలో దానికి కొత్త క్లాజులు చేరాయి. 3(జె) ప్రకారం మొక్కలు, విత్తనాలు, వాటి భాగాలు పేటెంటుకు పనికిరావు. దాన్ని ఆనుకునే 3(కె): గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిథమ్‌లు, ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాంలు కూడా పనికిరావు. ఈ ఇరుగుపొరుగు క్లాజుల చిక్కు ఒకటే. బాసిలస్ తురింజెన్సిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు ఒక ఆదేశం లాంటిది. విడిగా ఉంటే దానివల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు. పత్తి మొక్కలోకి చేరాకే ఆకు, కాయ విషం తయారుచేసుకుని పచ్చపురుగును చంపుతాయి. ప్రోగ్రాం సంగతీ అంతే, యంత్రంలోకి ఎక్కితేనే పని. మరి ఆదేశం రాసినవాడికి హక్కు ఇస్తే, అది చేరిన గింజ మీదా యంత్రం మీదా అతనికి హక్కు వచ్చినట్టేనా?

పత్తి రైతుకు అప్పటికే చాలా దెబ్బలు తగిలాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ చేలను ఊడ్చేసింది. ఘాటైన మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. రైతుల ఆత్మహత్యల వార్తలు అప్పుడే మొదలయ్యాయి. గుంటూరు శివారు లాం ఫారం నుంచి తెల్లదోమను తట్టుకునే ‘కాంచన’ రకం వచ్చింది. దాని మీద ఎవరూ రాయల్టీ అడగలేదు, అది సర్కారు సొమ్ముతో పుట్టిన విత్తనం. పచ్చపురుగు బెడద మాత్రం తీరలేదు.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ప్యాకెట్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: లోపల 450 గ్రాముల బీటీ గింజ, దాంతోపాటు చిన్న సంచిలో 120 గ్రాముల మామూలు గింజ. పురుగు ఆ విషానికి అలవాటు పడకుండా చిన్న సంచి గింజను చేను చుట్టూ వేయాలి. చాలామంది గట్టున పారేశారు, కొందరు మొలక రాని చోట నింపుకున్నారు. ప్యాకెట్ ధర 1,600 రూపాయల పైమాట. అందులో 1,250 దాకా జన్యువు తాలూకు రాయల్టీయేనని, అదే అమెరికాలో 108 రూపాయలేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 జనవరిలో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మేలో కమిషన్ రాయల్టీ తగ్గించమంది, రాష్ట్రం ప్యాకెట్ ధరను 750కి కట్టేసింది.

ఇక్కడ ఒక విషయం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మొదటితరం బీటీ జన్యువుకు భారతదేశంలో పేటెంటే లేదు. పేటెంటు వచ్చింది రెండోతరం బీజీ-2కు, అదీ 2008లో. మరి 1,250 దేనికి కట్టినట్టు? ఆ జన్యువు ఇంకెవరి దగ్గరా దొరకదు కాబట్టి, హైబ్రిడ్ గింజ దాచుకుని మరుసటేడు వేస్తే పంట ఒక తీరున రాదు కాబట్టి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వ్యాపారం పెరిగిందీ ఇలాగే. ఒట్టి ప్రోగ్రాంకు పేటెంటు లేని దేశంలో కాపీరైటు, లైసెన్సు ఒప్పందాలతోనే నెగ్గుకొచ్చింది. పేటెంటు ఇవ్వకపోతే పరిశోధన ఆగిపోతుందనేవాళ్లూ, ఇస్తే దోపిడీ అనేవాళ్లూ ఇద్దరూ ఆ కాగితానికి ఉన్నదానికన్నా ఎక్కువ బలం అంటగట్టారని నాకనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ వైపు పోరు ఢిల్లీలో నడిచింది. 2004 డిసెంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, పరిశ్రమలో సాంకేతికంగా వాడితేనో, హార్డ్‌వేర్‌తో కలిస్తేనో ప్రోగ్రాంకు పేటెంటు ఇవ్వొచ్చని 3(కె)ను సడలించింది. యూపీఏకు బయటినుంచి మద్దతిస్తున్న వామపక్షాలు ఒప్పుకోలేదు. 2005లో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఆ సడలింపు లేదు. అదే ఏడాది జూలైలో యూరోపియన్ పార్లమెంటు కూడా ఇలాంటి ప్రతిపాదనను 648-14 ఓట్లతో తోసిపుచ్చింది. పదేళ్లకు మళ్లీ అదే వరస: 2015 ఆగస్టులో పేటెంటు కార్యాలయం ఉదారమైన మార్గదర్శకాలు ఇచ్చింది, స్టార్టప్‌లూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులూ గోల చేయగా డిసెంబరులో వాటిని పక్కన పెట్టింది. సరిగ్గా ఆ డిసెంబరులోనే కేంద్రం పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బీజీ-2 ప్యాకెట్ 800 రూపాయలైంది, రాయల్టీ 49కి పడిపోయింది.

అప్పటికే అసలు వ్యాజ్యం కోర్టుకు చేరుతోంది. అప్పటి కృష్ణా జిల్లా నూజివీడు పేరు పెట్టుకున్న విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ, బీటీ జన్యువు సొంతదారైన అమెరికా కంపెనీ మాన్‌శాంటో వర్గానికీ రాయల్టీ పేచీ వచ్చింది. 2015 నవంబరులో మాన్‌శాంటో వర్గం ఒప్పందం రద్దు చేసుకుంది, ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మేం అడిగేది మొక్క మీద హక్కు కాదు, మేం తయారుచేసిన జన్యు వరస మీద అని వాళ్ల వాదన. గింజలో పడ్డాక అది గింజలో భాగమే, 3(జె) వర్తిస్తుందని నూజివీడు వాదన. 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచ్ నూజివీడు వైపు మొగ్గి పేటెంటు కొట్టేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. సాక్ష్యాలు, నిపుణుల విచారణ లేకుండా ఇంత చిక్కు విషయం తేల్చకూడదని మళ్లీ కిందికి పంపింది. ఆ నవంబరుకే పేటెంటు ఇరవయ్యేళ్ల గడువు అయిపోయింది. 2021లో ఇరుపక్షాలు రాజీ పడ్డాయి. జన్యువు గింజలో భాగమా కాదా అన్నదానికి తుది తీర్పు రానేలేదు.

అమెరికాలో ఈ రెండు దారులూ ఒకేచోట కలిశాయి. ఇండియానాకు చెందిన బౌమన్ అనే రైతు ధాన్యపు గోదాములో మాన్‌శాంటో పేటెంటు జన్యువున్న సోయా కొని విత్తాడు, అందులోంచి మళ్లీ గింజ దాచుకున్నాడు. గింజ తనంతట తానే మొలిచి పెరిగితే నా తప్పేంటన్నాడు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు మాన్‌శాంటో పక్షానే తీర్పిచ్చింది. ఆ కేసులో సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం కూడా తన వాదన దాఖలు చేసింది. తనను తాను నకలు తీసుకునే వస్తువు గురించి రైతుకు చెప్పిన తీర్పు రేపు ప్రోగ్రాంకూ వర్తిస్తుందని వాళ్ల గుబులు.

మన దగ్గర అలాంటి కేసు పెట్టడం కష్టం. 2001 నాటి రైతు హక్కుల చట్టం పండించిన గింజ దాచుకునే, పంచుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు రైతుకిచ్చింది. కంపెనీలు అలిగిన మాటా నిజమే. టెక్నాలజీని స్థానిక సంస్థలతో పంచుకోవాలన్న ప్రభుత్వ ప్రతిపాదన నచ్చక, కలుపుమందును తట్టుకునే పత్తికి పెట్టుకున్న దరఖాస్తును మాన్‌శాంటో భాగస్వామి మహికో 2016లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ విత్తనం రాకుండా ఆగలేదు. ‘బీజీ-3’ అనే పేరుతో దొంగచాటుగా ఊళ్లకు చేరింది, గుంటూరు జిల్లాలోనూ అమ్ముడుపోయింది. దానికి అనుమతి లేదు, రాయల్టీ లేదు, సర్కారు కట్టిన ధరా లేదు. బిల్లు కూడా ఇవ్వరు కనుక, మొలక రాకపోతే రైతు ఎవరి మీదా నష్టపరిహారానికి వెళ్లలేడు.