ఓ కాన్పయితే తగ్గిపోతుందన్న నొప్పి

మా పెద్దక్క ప్రతినెలా మూడు రోజులు పొత్తికడుపు పట్టుకుని చాపమీద ముడుచుకుని పడుకునేది. "పెళ్ళయి ఓ కాన్పయితే అదే తగ్గిపోతుందిలే" అనేది మా అమ్మమ్మ. ఇది మా తెనాలి అమ్మమ్మల వైద్యమేనని చాలాకాలం అనుకున్నాను. డెబ్భైలలో అమెరికా వచ్చి గైనకాలజీ శిక్షణలో ఉండగా తెలిసింది, 1940లలో బోస్టన్‌లో పేరుమోసిన డాక్టర్ జో మెగ్స్ చెప్పిందీ అదేనని: త్వరగా పెళ్ళి చేసుకోండి, త్వరగా పిల్లల్ని కనండి అని. అమ్మమ్మ అంటే మూఢనమ్మకం, దొరగారంటే శాస్త్రం!

ఆ నొప్పికి ఒక ముఖ్య కారణం ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీదా చుట్టుపక్కలా పెరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జాన్ శాంప్సన్ 1920లలో దీన్ని వివరించాడు. బహిష్టు రక్తం కొంత వెనక్కి మళ్ళి పొత్తికడుపులోకి పోవడమే మూలమని 1927లో ప్రతిపాదించాడు. ఆరు నెలలు దాటిన పొత్తికడుపు నొప్పులన్నీ ఇదే కాదు. మూత్రాశయం, పేగులు, కండరాలు కూడా కారణం కావచ్చు. కాని హార్మోన్ల కథకు మొదలు ఇక్కడే.

1951లో మెక్సికో సిటీలోని సింటెక్స్ ప్రయోగశాలలో, అడవి పెండలం దుంపల నుంచి తీసిన పదార్థంతో నోరెథిన్‌డ్రోన్ తయారైంది. మింగితే పనిచేసే హార్మోను అది. అలాంటి మాత్రలను బోస్టన్‌లోనే రాబర్ట్ కిస్ట్నర్, 1950ల చివర్లో, నెలల తరబడి ఆపకుండా ఇచ్చి చూశాడు. బహిష్టు ఆగి, ఒళ్ళు గర్భం వచ్చినట్టు భ్రమపడుతుంది. అంటే అమ్మమ్మ చెప్పిన కాన్పునే, మొగుడూ పిల్లలూ లేకుండా, సీసాలో పెట్టాడన్నమాట.

1976లో డానజాల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. నొప్పి బాగా తగ్గించేది. కాని అది మగ హార్మోను పోలికది: బరువు పెరగడం, మొటిమలు, మూతిమీద వెంట్రుకలు. నేనూ చాలామందికి రాశాను. అందులో ఒకమ్మాయి మన ఉగాది సభల్లో పాడేది. నాలుగో నెలలో వచ్చి, "డాక్టరుగారూ, పైస్థాయి అందడం లేదండీ" అంది. వెంటనే మందు ఆపించాను. నొప్పి తిరిగొచ్చింది, గొంతు మాత్రం రాలేదు. మందు కాగితంలో ఆ హెచ్చరిక ఉంది. నేనే ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత డానజాల్ రాసేముందు ప్రతివారినీ "మీరు పాడతారా?" అని అడిగేదాన్ని.

మెదడు నుంచి అండాశయాలకు కబురు పంపే హార్మోను నిర్మాణం 1971లో తేలింది. షాలీ, గియ్మాఁలకు 1977లో నోబెల్ వచ్చింది. దాన్ని అనుకరించే లూప్రోలైడ్ ఇంజెక్షన్‌ను 1990లో ఈ జబ్బుకు అనుమతించారు. అండాశయాలు నిద్రపోతాయి, నొప్పి తగ్గుతుంది. కాని ముప్ఫై ఏళ్ళకే ఒంట్లో ఆవిర్లు, ఎముకల్లో అరుగుదల. అందుకే తోడుగా కొద్దిపాటి హార్మోను ఇవ్వడం నేర్చుకున్నాం. 2018లో ఎలాగోలిక్స్, 2022లో రెలుగోలిక్స్ కలిపిన మాత్ర వచ్చాయి. ఇవేవీ జబ్బును కడిగెయ్యవు, అణచి ఉంచుతాయి. ఆపితే చాలామందికి నొప్పి మళ్ళీ మొదలవుతుంది.

అక్కకు ముగ్గురు పిల్లలు పుట్టినా నొప్పి పోలేదు. చివరికి గర్భసంచి తీసేశారు. మొన్న ఫోనులో ఈ వ్యాసం చదివి వినిపిస్తే, "ఏమే, ఆ మాత్రలు నా చిన్నప్పుడు లేవా?" అంది.

"ఉన్నాయక్కా, బోస్టన్‌లో" అన్నాను.