పూర్ణాంకముల చెంతకు నడచు సంఖ్యలు



ఆదివారమునాడు నాంపల్లి స్టేషనులో దిగి, అబిడ్సులో బాటప్రక్కన పరచియుంచు పాతపుస్తకములను చూచుట నాకు చిరకాలపు అలవాటు. ఒకనాడచట ఒక విద్యార్థి సంఖ్యాశాస్త్ర గ్రంథమొకటి చేతబట్టి, “అయ్యా, బీజీయ పూర్ణాంకమనగా నేమి? దీనిని తెలుగున చెప్పవచ్చునా?” అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు నేటి ప్రసంగమే నా ప్రత్యుత్తరము.

ఆ చోటికి సమీపముననే, గన్‌ఫౌండ్రీలో, 1919లో ఉస్మానియా కళాశాల తరగతులు ప్రారంభమయ్యెను. ఉర్దూలో బోధించుటకై అనువాదశాలవారు గణితగ్రంథములను సిద్ధపరచిరి. ఉన్నతవిద్య దేశభాషలో నొదుగునని అట్లు ఋజువయ్యెను. కాని రాజ్యమున పెక్కుమంది మాటలాడు తెలుగునకు నాడా యవకాశము దక్కలేదు.

ఇక విషయమునకు వత్తము. ఒక సంఖ్యయొక్క వర్గము, దాని రెట్టింపుకంటె ఒకటి ఎక్కువ యనుకొనుడు. అట్టి సంఖ్యలు రెండే: ఒకటి ఇంచుమించు 2.414, రెండవది ఋణము 0.414. హెచ్చు ఘాతమునకు గుణకము ఒకటియై, తక్కిన గుణకములన్నియు పూర్ణాంకములైన సమీకరణమునుండి పుట్టుటచే వీనిని బీజీయ పూర్ణాంకములందురు. 1871లో జర్మను పండితుడు డెడెకిండ్ ఈ భావమునకు శాస్త్రరూప మొసగెను.

మొదటిదాని మూడవ ఘాతము 14.071, ఆరవ ఘాతము 197.995. పోనుపోను అది పూర్ణాంకమును సమీపించును. ఏలయన, రెండు సంఖ్యల ఘాతముల మొత్తము ఎల్లప్పుడును పూర్ణాంకమే. అందు రెండవది, పరిమాణమున ఒకటికంటె చిన్నది గనుక, నానాటికి క్షీణించును. తోడు క్షీణించినకొలది మొదటిది పూర్ణాంకము చెంతకు చేరును.

ఇట్టి సంఖ్యలను 1912లో నార్వే దేశీయుడు ట్యూ గుర్తించెను. 1938లో ఫ్రాన్సున పిజో, 1940 ప్రాంతమున మన దేశమున విజయరాఘవన్ వీనిని పరిశోధించిరి. నేడవి వారిరువురి పేరనే ప్రసిద్ధములు. తమిళుడైన విజయరాఘవన్ (1902–1955) ఆక్స్‌ఫర్డులో హార్డీకడ పరిశోధించి, తరువాత వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కొంతకాలము ఆచార్యుడుగా నుండెను. మన నడుమ మసలిన ఆ పండితుని పేరు మన బాలురకు తెలియకుండుట విచారకరము.

ఒకటికంటె పెద్దదైయుండి, బీజీయము కాని సంఖ్య యేదైనను ఇట్లు పూర్ణాంకములను సమీపించునా? ఈ ప్రశ్న నేటికిని తేలలేదు. అబిడ్సులో నన్నడిగిన విద్యార్థికి నేను చెప్పునది ఇంతియే: నాయనా, ఈ ప్రశ్నను తెలుగున అడుగవచ్చును, తెలుగుననే ఆలోచింపవచ్చును.